చిల్లై కలాన్ – రోహిణి కార్తె

ఉత్తరాది చలి దుర్భరమా, దక్షిణాది ఎండ దుర్భరమా అన్న ప్రశ్న విద్యార్థుల మధ్య తరచు చర్చకు వస్తూ ఉంటుంది. ప్రజలు ఆ రెండింటిని ఏ విధముగా ఎదుర్కొంటున్నారో పరిశీలించినప్పుడే దానికి తగిన సమాధానము లభించగలదు. అందుకై కాశ్మీరును, మన తెలుగునాడును ఉదాహరణములుగా గ్రహిద్దాము.

కాశ్మీరులో డిసెంబరు 21 మొదలు 40 దినముల కఠిన శీతకాలమును ‘చిల్లై కలాన్’ అంటారు. ఫార్సీలో ‘చిహల్’ అనగా నలుబది. ఉర్దూలోని ‘చిల్లా’ అను పదము మనలో పలువురకు పరిచితమే. ఆ తరువాత 20 దినముల ‘చిల్లై ఖుర్ద్’, 10 దినముల ‘చిల్లై బచ్చా’ వస్తాయి. 2021 జనవరిలో శ్రీనగరమున ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 8 డిగ్రీలకు మించి పడిపోయినది. మన రైతు సయితము ఇట్లే కాలమును కార్తెలుగా లెక్కిస్తాడు. మే నెలాఖరున ప్రవేశించే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. 2015 మే నెలలో ఖమ్మమున 48 డిగ్రీల ఎండ కాసినది.

కాశ్మీరీలు ‘ఫెరన్’ అనే వదులైన పొడవు అంగీ తొడిగి, దాని లోపల ‘కాంగ్డీ’ని పట్టుకుంటారు. బుట్టలో అమర్చిన మట్టిపాత్ర, అందులో బొగ్గు నిప్పులు – ఇదే కాంగ్డీ. ఆనపకాయ, వంకాయలను వేసవిలోనే వరుగులుగా ఎండబెట్టి చలికాలమునకు దాచుకుంటారు. మన ఇండ్లలో అంబలి, మజ్జిగ, కుండనీరు, వట్టివేళ్ల తడికలు వేసవికి ఆధారములు. ఆ మండుటెండలోనే వడియాలు పెట్టుకొని, ఏడాదికి సరిపడు ఆవకాయను సిద్ధము చేసుకుంటాము.

అయితే ఈ రెండింటికి మౌలికమైన భేదము ఒకటి కలదు. మన శరీరోష్ణము సుమారు 37 డిగ్రీలు. చలిలో దానిని బయటకు పోనీయకుండా కప్పుకొన్నచో చాలును. ఒక దుప్పటి చాలనిచో రెండు. గాలి శరీరము కంటె వేడెక్కినప్పుడు మాత్రము చెమట ఆరుట తప్ప శరీరమునకు వేరు మార్గము లేదు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరినచో సుమారు 580 కిలోకెలరీల ఉష్ణమును తీసికొనిపోతుంది. కుండలోని నీరు చల్లబడుటకు కారణము కూడ ఇదియే. గాలిలో తేమ అధికమైనచో చెమట ఆరదు. కనుకనే నిజామాబాదులోని 40 డిగ్రీల కంటె మచిలీపట్నములోని 38 డిగ్రీలు ఎక్కువ బాధాకరముగా తోచవచ్చును.

ఉపాయములన్నియు అందరికి అందుబాటులో ఉండవు. గుడ్డ కరవైన వానిని చలి చంపుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలువరించే కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీస్తుంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు రెండువేల మందికి పైగా మరణించినట్లు అధికారులు ప్రకటించారు. వారిలో వృద్ధులు, ఎండలో పనిచేయక తప్పని కూలీలు అనేకులు. ఉపాయము తెలియక వారు మరణించలేదు. నీడన కూర్చుంటే ఆ పూట కూలి దక్కదు.

చలికి వణికే వానికి కంబళి ఇవ్వగలము. ఎండలోని వానికి ఇవ్వవలసినవి నీరు, నీడ, కూలి తగ్గించని మధ్యాహ్న విరామము. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ ఎవరైన కనిపించినచో వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరుతూ ఆసుపత్రికి తరలించవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. ఏది దుర్భరమన్న ప్రశ్నకు ఉష్ణమాపకము కంటె మనిషి స్థితిగతులే సరియైన సమాధానము చెప్పగలవు. రాబోయే వేసవిలో మన కళాశాల ద్వారము చెంత ఒక చలివేంద్రము వెలసినచో ఈ చర్చ సార్థకమగును.