పొరపాటున తొలగిన ఫైళ్లు – పునరుద్ధరణ మార్గాలు

వస్త్రనగరంగా పేరొందిన సూరత్‌లో డిజైనే మూలధనం. తెలంగాణ నుండి తరలివచ్చి ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఇది అనుభవైకవేద్యమైన విషయం. జకార్డ్ మగ్గంలో డిజైను రంధ్రాలు గల అట్టల రూపంలో ఉండేది. కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాలు వచ్చిన పిమ్మట అది ఫ్లాపీలోకి చేరింది. అట్ట చిరిగితే కంటికి కనిపిస్తుంది. ఫ్లాపీలోని ఫైలును పొరపాటున తొలగిస్తే మాత్రం నెలల శ్రమ ఒక్క మీటతో మాయమైనట్లు తోస్తుంది. మన ఇళ్లలోని పాత డిస్కుల్లో ఉన్న పిల్లల ఫోటోలకూ, కార్యాలయాల పాత డ్రాయింగులకూ ఇదే ప్రమాదం ఉంది. అయితే కనబడనిదంతా నశించినట్లు కాదు.

తొలగింపు అంటే ఏమిటి?

3.5 అంగుళాల 1.44 మెగాబైట్ల ఫ్లాపీకి రెండు ముఖాలు, ముఖానికి 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, వెరసి 2,880 సెక్టార్లు ఉంటాయి. ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టికలు డిస్కు ఆరంభంలో ఉంటాయి. ఫైలును తొలగించినపుడు డాస్ వ్యవస్థ దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక సంకేతాన్ని ఉంచి, ఆ చోటు ఖాళీ అని నమోదు చేస్తుంది. అసలు సమాచారం జోలికి పోదు. గ్రంథాలయంలో సూచిక కార్డు తీసివేసినా పుస్తకం అలమరలోనే ఉన్నట్లన్నమాట. 1991లో విడుదలైన ఎమ్మెస్-డాస్ 5.0లోని 'అన్‌డిలీట్' ఆదేశానికి ఇదే ఆధారం. పోయిన మొదటి అక్షరం ఏమిటని అది వాడుకదారునే అడిగేది.

ఫైలు వరుస సెక్టార్లలో ఉంటే పునరుద్ధరణ సులభం. ముక్కలుగా ఉంటే వాటిని కలిపే గొలుసు తెగినందున కష్టం. ఆ చోట కొత్త సమాచారం చేరితే అసాధ్యం.

పాటించవలసిన క్రమం

1. వెంటనే ఆ డిస్కును వాడడం ఆపాలి. 3.5 అంగుళాల ఫ్లాపీలో మీటను జరిపి రంధ్రం తెరిస్తే వ్రాత నిరోధింపబడుతుంది. 5.25 అంగుళాల దానిలో ఇందుకు విరుద్ధంగా, అంచునున్న గాడిని మూయాలి.

2. 'ఫార్మాట్ చేయాలా?' అని కంప్యూటరు అడిగితే వద్దనాలి. 'చెక్‌డిస్క్' వంటి మరమ్మతు ఆదేశాలనూ నడపరాదు.

3. డిస్కు మొత్తానికి నకలు తీసి, ఆ నకలు మీదనే ప్రయత్నించాలి. ఇందుకు 'డీడీరెస్క్యూ', వెలికితీతకు 'టెస్ట్‌డిస్క్', 'ఫోటోరెక్' ఉచితంగా లభిస్తాయి. దొరికిన ఫైళ్లను వేరొక డిస్కులోనే భద్రపరచాలి.

4. బూజు పట్టిన ఫ్లాపీని, వింత శబ్దం చేసే హార్డ్ డిస్కును పదేపదే నడపక నిపుణులకు అప్పగించాలి.

హెచ్చరిక

నేటి సాలిడ్ స్టేట్ డ్రైవులలో ఈ వెసులుబాటు అరుదు. 'ట్రిమ్' అనే ఏర్పాటు వలన తొలగించిన చోటును డ్రైవే శుభ్రపరుస్తుంది. కనుక ముందుజాగ్రత్తయే శరణ్యం. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ రెండు నకళ్లు ఉంచి, ఒకదానిని వేరొక ఊరిలో భద్రపరచడం మేలు. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధికభాగాన్ని ముంచెత్తింది. ఒకే ఇంట్లో ఎన్ని నకళ్లున్నా అటువంటి విపత్తులో ఒక్కటిగానే పోతాయి. ఈ సెలవు దినాన బీరువాలోని పాత డిస్కులను వెలికితీసి, అవి చదవగలిగే స్థితిలో ఉండగానే నకళ్లు తీసుకోవలసిందిగా ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు మనవి.