భీతిగొలుపు బాలకథలు

హాన్సెల్, గ్రెటెల్ అను అన్నచెల్లెండ్రకథ మన చదువరులలో ననేకు లెఱిగినదే. కఱవుకాలమున తిండి చాలక తలిదండ్రులు బిడ్డల నడవిలో విడిచివత్తురు. పిల్లలు రొట్టెతో గట్టి చక్కెరతో కిటికీలు పెట్టిన యొక యింటిని జేరి, తమ్ము దినజూచిన మంత్రగత్తెను పొయ్యిలోనికి ద్రోసి బయటపడుదురు.

జర్మనుదేశపు గ్రిమ్ సోదరులు 1812వ సంవత్సరమున దీనిని ప్రకటించినప్పుడు, బిడ్డలను విడువుమని భర్తను బురికొల్పినది కన్నతల్లియే. 1840వ సంవత్సరపు కూర్పున నామె సవతితల్లి యయ్యెను. స్నోవైట్ కథలోని రాణియు నిట్లే 1819లో మాఱినది. మాతృత్వమునకు గళంకము రాగూడదని యీ మార్పు చేసిరందురు. మాకిది రుచింపదు. నింద యంతయు సవతితల్లిపై బడినది. మన జానపదకథలందును ఆమె కిదియే గతి గదా! సవతితల్లి ప్రేమతో బెంచిన పిల్లలు మన యూళ్లలో లేరా? అంతకంటెను, ఆఁకలి కన్నవారి మనస్సునుగూడ నెట్లు చెఱుపగలదో ఆ సంగతి మఱుగుపడినది.

ఇటీవలి రచయితలు కొందఱు ఈ ముసుగును దొలగించుచున్నారు. 2014లో నీల్ గెయిమన్ తిరిగి చెప్పిన కథలో ఆమె మరల కన్నతల్లియే. కఱవునకు యుద్ధము కారణము.

2010లో అమెరికాదేశపు ఆడమ్ గిడ్విట్జ్ వ్రాసిన ‘ఎ టేల్ డార్క్ అండ్ గ్రిమ్’ మఱింత ముందుకు బోయినది. గ్రిమ్ సోదరుల వేఱొక కథలో నొక రాజు, శిలయైన నమ్మినబంటును బ్రదికించుటకై తన బిడ్డల తలలు నఱకును. పిల్లలు మరల బ్రదికి, ఏమియు జరుగనట్లు ఆడుకొందురు. కథ యంతటితో సరి. గిడ్విట్జ్ ఆ పిల్లలనే హాన్సెల్, గ్రెటెలులుగా జేసి, తండ్రి చేసిన పని తెలిసినపిమ్మట వారికెట్లుండునని యడిగెను. వా రా యిల్లు విడిచి వెడలిపోవుదురు. నెత్తురు పాతకథలోనిదే, బిడ్డల మనస్సు నడిగి చూచుట మాత్రము క్రొత్తది. ఈ ప్రశ్న లేక, కేవలము నెత్తురును ఎముకలును జూపి వెఱపించు పుస్తకములును గలవు. వానిని మేము మెచ్చము.

గిడ్విట్జ్ కథలో భయంకరఘట్టములకు ముందు కథకుడే యడ్డువచ్చి, చిన్నపిల్లలను గదినుండి పంపివేయుడని హెచ్చరించును. హాస్యమే యైనను మంచిమాట. క్రిందితరగతులవారికి దీనిని ఒంటరిగా జదువనిచ్చుటకంటె, పగటివేళ పెద్దలు చదివి వినిపించుచు, వారాపుమన్నచోట నాపుట మేలని మా యభిప్రాయము.