సున్నం దాచిన బొమ్మలు

మా నాన్న సున్నం మేస్త్రీ. గానుగలో సున్నం, ఇసుక నలుగుతుంటే కరక్కాయ నీళ్లు పోసేవాడు. ఆ వాసన నాకింకా గుర్తే. అందుకేనేమో, ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి నార్ఫోక్‌లోని ఓ పల్లె చర్చికి తీసుకెళ్తే నా చూపు ముందు గోడ పూత మీదికే పోయింది.

పల్లె అన్నానుగానీ, హౌటన్‌లో ఇప్పుడు ఊరు లేదు. గుట్ట మీద సెయింట్ మేరీ చర్చి ఒక్కటే నిలబడి ఉంది. 1992లో గ్లోరియా డేవీ అనే ఆవిడ నడకకు వచ్చి, తీగలు కమ్మేసిన ఈ గోపురాన్ని చూసి భర్త బాబ్‌కు చెప్పింది. ఆయన వచ్చి చూస్తే పైకప్పు లేదు. క్షుద్రపూజల ఆనవాళ్లున్నాయి. అరవై దాటిన ఆ మనిషి తీగలు కొట్టాడు, కాపలా కాశాడు, సొంత డబ్బు ఖర్చు పెట్టాడు, సాయం కోసం తలుపులు తట్టాడు. 2021లో పోయేదాకా ఆ చర్చినే పట్టుకుని ఉన్నాడు.

పని సాగుతుండగా గోడ పై పూత పెచ్చులూడింది. కింద బొమ్మలు! తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. చుట్టూ అంతిమ తీర్పు. 1090 ప్రాంతానివని నిపుణులు తేల్చారు. తర్వాతి తరాలవాళ్లు వాటి మీద సున్నం కొట్టేశారు. ఆ సున్నమే వాటిని ఇన్నేళ్లు కాపాడింది. చెరిగిపోయిన చోట్ల ఎవరూ కొత్త రంగు పుయ్యలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలిపారు. మరమ్మతంటే అదీ.

సున్నపు గోడ తేమ పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే ఆ దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు ఉప్పును పైకి తెచ్చి రాయినీ ఇటుకనూ తినేస్తుంది. మా పక్క ఊళ్లో తాతల నాటి మందిరానికి సిమెంటు పూత వేసి, పైన నిగనిగలాడే రంగు కొట్టారు. మూడు వానాకాలాలు తిరిగేసరికి అడుగు గోడ పొడిపొడిగా రాలింది. నాన్న ఉంటే ఏడ్చేవాడు.

సంఘ పెద్దలకు నా మనవి. మీ ఊరి పాత మందిరానికి మరమ్మతు తలపెడితే, సిమెంటు బస్తాలు దింపకముందే సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిపించి గోడ చూపించండి. అలాంటి మేస్త్రీలు తగ్గిపోయారు, కానీ వెతికితే ఇంకా దొరుకుతారు.