నలుపు నారాయణుడు మెచ్చు... మరి పేరంటంలో?

ఒక్కసారి బీరువా తలుపు తీసి చూడండి. నల్ల లెగ్గింగులు ఎన్ని? నల్ల కుర్తీలు ఎన్ని? నల్ల జాకెట్టు, నల్ల చున్నీ, నల్ల ప్యాంటు, నల్ల హ్యాండ్‌బ్యాగు, నల్ల చెప్పులు... లెక్క పదిహేను దాటిందా? అయితే మీరూ ఆ బాపతే. 'ఏం వేసుకోవాలో తోచకపోతే నలుపు వేసేయ్' అనే బాపతు!

తప్పేం లేదు. పొద్దున్నే క్యారేజీలు సర్ది, పిల్లల్ని బస్సెక్కించి, ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు క్యాబ్ అందుకోవాల్సిన మనిషికి అద్దం ముందు ఆలోచించే తీరిక ఎక్కడిది? నల్ల లెగ్గింగు మీదికి ఏ రంగు కుర్తీ అయినా వెళ్లిపోతుంది. టీ మరక కనిపించదు. ఇస్త్రీ కాస్త అటూ ఇటూ అయినా తెలీదు. పైగా నాలుగు కిలోలు తగ్గినట్టు కనిపిస్తాం. ఫ్యాషన్ పేజీలు ఏళ్ల తరబడి చెబుతున్నదీ అదే. నలుపు అన్నిటికీ సరిపోయే రంగు, దాన్ని పునాదిగా పెట్టుకుని మిగతావి కొనుక్కోండి అని.

ఇంతలో శ్రావణ శుక్రవారం వస్తుంది. ఎదురింటి పిన్నిగారు తాంబూలానికి పిలుస్తారు. బీరువాలోని ఆ పదిహేనింటిలో ఒక్కటీ పనికిరాదు! పెళ్లికి పనికిరావు, గృహప్రవేశానికి పనికిరావు, సత్యనారాయణ వ్రతానికీ బారసాలకూ అసలే వద్దు. 'ఈ రోజుల్లో ఇంకా అవన్నీ ఏంటి' అని వేసుకెళ్తే ఎవరూ గెంటెయ్యరు. కానీ పెద్దత్తయ్య ఓ చూపు చూస్తుంది. ఆ చూపు ఖరీదు పట్టుచీర కంటే ఎక్కువ. అందుకని నలుపు బీరువా ఒకటి, పండగల బీరువా ఒకటి, రెండూ మేపాలి. ఏడాదిలో ఇన్నిసార్లు ఇంట్లో వదిలి వెళ్లాల్సిన రంగుని 'అన్నిటికీ సరిపోయేది' అనడం ఎంతవరకూ నిజం?

ఫోర్డు కారులాంటి గౌను

ఆ మాట పుట్టింది మన దగ్గర కాదు. యూరప్‌లో నలుపు అంటే మొదట చావు ఇంటి రంగు. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా మహారాణి 1901లో తాను కన్నుమూసేదాకా నలుపే కట్టింది. రాణి కడితే ఊరంతా కట్టాలి కదా... అక్కడ సంతాప వస్త్రాల వ్యాపారం ఓ వెలుగు వెలిగింది.

ఆ రంగుని ఏడుపు ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చిన ఘనత ఎక్కువగా కోకో షనెల్‌దే అంటారు. 1926 అక్టోబరులో అమెరికా 'వోగ్' పత్రిక ఆమె చేసిన పొట్టి నల్ల గౌను బొమ్మ వేసి, దాన్ని ఫోర్డు కారుతో పోల్చింది. ఆ రోజుల్లో ఫోర్డు కారంటే నలుపే మరి. అందరికీ అందేది, అందరిలోనూ ఒకేలా ఉండేది అని పత్రిక భావం. 1961లో 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' సినిమాలో ఆడ్రీ హెప్‌బర్న్ నల్ల గౌనుతో కనిపించాక ఇక తిరుగే లేదు. 1981లో జపాన్ నుంచి రే కవకుబో, యోజి యమమొతో పారిస్ వెళ్లి వదులు వదులు నల్లబట్టలు చూపిస్తే ముందు కొందరు ముఖం చిట్లించారు, తర్వాత అందరూ అవే తొడిగారు. ఫ్యాషన్ లోకానికి నలుపు యూనిఫాం అయిపోయింది. అక్కణ్నుంచి ఆఫీసు లిఫ్టుల దాకా రావడానికి ఎంతసేపు!

అంటే పాశ్చాత్యులు కూడా అశుభం అనుకున్న రంగునే చేతిలోకి తీసుకుని మార్చుకున్నారన్నమాట. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

మెడలో ఉండొచ్చు... ఒంటిమీద వద్దు

మన సంగతి ఇంకా తమాషా. పెళ్లిలో నల్లచీర వద్దంటాం. అదే పెళ్లికూతురి మెడలో నల్లపూసలు వేస్తాం. పసిబిడ్డ బుగ్గన నల్లచుక్క పెడతాం. కాలికి నల్లతాడు కడతాం. కళ్లకు కాటుక దిద్దుతాం. దిష్టి తగలకుండా కాపాడేదీ నలుపే, శని పట్టిందని భయపెట్టేదీ నలుపే! కృష్ణుడి పేరుకి అర్థమే నలుపు. ద్రౌపదికి ఇంకో పేరు కృష్ణ. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు నలభై ఒక్క రోజులు నల్లబట్టలతోనే పూజలు చేస్తారు. అదే ఇంట్లో ఇల్లాలు నల్లచీర కట్టుకుని దీపం పెడతానంటే మాత్రం 'ఇంకేం దొరకలేదా' అంటారు. దీనికి తర్కం వెతకడం వృథా ప్రయాస.

పక్క రాష్ట్రాలకు వెళ్తే ఈ నియమం కూడా నిలవదు. మహారాష్ట్రలో సంక్రాంతికి ఆడవాళ్లు ఏరికోరి నల్లచీర కడతారు. కొత్త కోడలికి ఆ పండక్కి నల్లచీర పెట్టడం ఓ ముచ్చట. కొన్ని తమిళ కుటుంబాల్లో గర్భిణికి వేడుక చేసేటప్పుడు కట్టేది నల్లచీరే. శుభకార్యమే, నలుపే. ఎవరి ఇంటి మాట వాళ్లది.

అంతెందుకు, మన శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. రాముణ్ణీ సీతనూ గీసే గీత నలుపే. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే ద్రవం అది. కరక్కాయ పట్టించిన బట్టమీద కలంతో గీయగానే ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి నల్లబడతాయి. దేవుడి రూపురేఖలే నల్లరంగుతో మొదలవుతుంటే ఇక అశుభం ఎక్కడ?

ఇళ్లల్లో పెద్దవాళ్లు కూడా ఓ మధ్యేమార్గం ఎప్పుడో కనిపెట్టారు. 'పూర్తి నలుపు కాదులే, జరీ ఉందిగా' అంటారు. నల్ల అంచు పట్టుచీర, నలుపు మీద ఎర్ర గళ్లు... ఇవన్నీ చాలా ఇళ్లల్లో చల్లగా చెల్లిపోతాయి.

'నీ రంగుకి నలుపా!'

నిజానికి ఎక్కువమంది ఆడపిల్లలకు నలుపు దూరమైంది శని వల్ల కాదు, ఈ మాట వల్ల. చామనఛాయ పిల్ల నల్లచుడీదారు పట్టుకుంటే చాలు, కొట్లో సేల్స్‌మేన్ నుంచి మేనత్త దాకా అందరూ సలహాదారులే. ఇంకా నల్లగా కనిపిస్తావట! తేల్చి చెప్పాలంటే ఇది ఒట్టి అపోహ. చామనఛాయ మేనికి నలుపు పక్కన వెచ్చటి మెరుపు వస్తుంది. సందేహం ఉంటే కొట్లో ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుగులో భుజమ్మీద వేసుకుని చూడండి.

ఆలోచించాల్సింది ఒంటి రంగు గురించి కాదు, ముఖంలో అలసట గురించి. నలుపు వెలుతురుని మింగేస్తుంది. తెల్లటి లేదా లేతరంగు బట్ట కొంత వెలుగుని గడ్డం కిందికి, కళ్ల కిందికి తిప్పి కొడుతుంది. నలుపు ఆ పని చేయదు. కాబట్టి నిద్రలేని రోజున మెడదాకా నలుపు వేస్తే కళ్ల కింద వలయాలు ఇంకాస్త లోతుగా కనిపిస్తాయి. ముప్ఫైల్లో పట్టించుకోని ఈ సంగతి నలభై అయిదులో అద్దం గుర్తుచేస్తుంది. దీనికి బీరువా మార్చేయక్కర్లేదు. ఓ పసుపుపచ్చ చున్నీ, కాస్త లోతు మెడ, మెరిసే బుట్టలు... సగం పని అయిపోయినట్టే.

సన్నగా కనిపించడం నిజమే. మడతల నీడలు నలుపులో కలిసిపోతాయి కాబట్టి ఒంటి ఎత్తుపల్లాలు తెలియవు. అయితే ఆ సుగుణం ముదురు నీలానికీ, వంకాయ రంగుకీ, బాటిల్ గ్రీన్‌కీ ఉంది. నలుపు ఒక్కదానికే పేటెంటు లేదు.

ఎండల్లో నలుపా?

రోహిణి కార్తెలో నల్లచొక్కా వేసుకుని బండి మీద ఎల్బీనగర్ నుంచి మాదాపూర్ వెళ్లినవాళ్లని అడగండి, చెబుతారు. మరి ఎడారుల్లో బెదూయిన్లు నల్ల అంగరఖాలు ఎలా వేసుకుంటారు? ఈ ప్రశ్నకే 1980లో 'నేచర్' పత్రికలో కొందరు శాస్త్రవేత్తలు జవాబిచ్చారు. నల్ల అంగరఖా తెల్లదానికంటే ఎక్కువ వేడి పీల్చుకుంటుంది, నిజమే. కానీ అది బాగా వదులు కాబట్టి ఆ వేడి ఒంటిని చేరేలోపే గాలికి పోతుంది. చివరికి చర్మానికి తగిలే వేడి రెంటిలోనూ ఒకటే! ఈ కిటుకంతా వదులులో ఉంది. ఒంటికి అతుక్కునే నల్ల టీషర్టుకి ఆ లాభం రాదు. చెమట ఆరాక వీపుమీద తెల్లటి ఉప్పు పటం కూడా గీసి పెడుతుంది. లాయర్లకు సైతం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతాచోట్ల వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది.

దోమల సంగతీ చెప్పాలి. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ మన ఊపిరి వాసన పసిగట్టాక ఎరుపు, నారింజ, నలుపు రంగుల వైపు ఎగబడుతుందనీ, తెలుపునీ ఆకుపచ్చనీ అంతగా పట్టించుకోదనీ 2022లో ఓ అధ్యయనం తేల్చింది. వానాకాలం సాయంత్రాలు పార్కుకి నల్ల ప్యాంటు వద్దు.

మూడు నలుపులు... మూడు రంగులు

అసలు చిక్కు ఇది. నలుపుకి నలుపు మ్యాచవ్వదు! నమ్మకపోతే మీ నల్ల కుర్తీ, నల్ల లెగ్గింగు, నల్ల చున్నీ తీసుకెళ్లి ఎండలో పక్కపక్కనే పరవండి. ఒకటి నీలంగా, ఒకటి గోధుమగా, ఇంకోటి బూడిదగా కనిపిస్తాయి. మ్యాచింగ్ సెంటర్ వాళ్లు నల్ల జాకెట్టు గుడ్డని రోడ్డు మీదికి తెచ్చి చూపించేది అందుకే.

కారణం రంగులోనే ఉంది. చవక నూలుబట్టకు ఎక్కువగా వేసేది సల్ఫర్ బ్లాక్. అది ఉతుకులకు నెమ్మదిగా వెలుస్తుంది. ఏళ్లపాటు మడతపెట్టి ఉంచితే నూలునే బలహీనం చేసే గుణం కూడా దానికుంది. బోరునీళ్లలోని లవణాలు నల్లబట్ట మీద బూడిద పొరలా పేరుకుంటాయి. తెల్లబట్టలు మెరవడానికి సబ్బుపొడిలో కలిపే పదార్థాలు నలుపుని ఇంకా పాలిపోయినట్టు చేస్తాయి. మొదటి ఉతుకులో గుప్పెడు ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని అమ్మమ్మలు చెబుతారు కానీ ఇప్పటి రంగులకు ఆ వైద్యం పనిచేయదు. తిరగేసి, చల్లటి నీళ్లలో, లిక్విడ్‌తో ఉతికి నీడన ఆరేస్తే మాత్రం నాలుగు కాలాలు ఉంటుంది.

వెలిసిన నలుపంత దిగులు రంగు ఇంకోటి లేదు. పాత ఎరుపు గులాబీ అవుతుంది, పాత నీలం ఆకాశం అవుతుంది, పాత నలుపు మాత్రం పాతగానే ఉంటుంది.

మరి ఉంచాలా, తీసేయాలా? ఉంచండి... నడుం కింద. లెగ్గింగు, ప్యాంటు, చెప్పులు, బ్యాగు, మగవాళ్లకైతే బెల్టూ బూట్లూ... వీటిలో నలుపు నిజంగానే అన్నిటికీ సరిపోతుంది. దాంతోపాటు ఒక మంచి నల్లజాకెట్టు, పట్టుదో రాసిల్కుదో, కొలతకు కుట్టించినది. ఎర్ర కంచికీ, పచ్చ పోచంపల్లికీ, బంగారు రంగు టిష్యూకీ ఒకే జాకెట్టు సరిపోవడం చిన్న విషయమేం కాదు. జరీ చీర కింద ఉంటే పెద్దత్తయ్య కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. పూర్తి నల్లచీర అంటే ప్రాణమైతే అదీ ఒకటి ఉంచుకోండి. రిసెప్షన్లూ రాత్రి విందులూ ఉన్నాయిగా! నలుపు వల్ల ఆలోచన తప్పుతుందని కాక, నలుపు నచ్చి కట్టుకున్నవాళ్లని చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

నడుం పైన మాత్రం పునాది రంగు మార్చి చూడండి. మెరూన్, ముదురు నీలం, వంకాయ రంగు. ఇవి ఆఫీసుకీ వెళ్తాయి, అట్నుంచి అటే పేరంటానికీ వెళ్తాయి. సగం బీరువా మిగులుతుంది.

ఇక ఎండలో పరిచినప్పుడు గోధుమగా, బూడిదగా తేలిన కుర్తీలు ఉన్నాయే, వాటిని మొహమాటపడకుండా తీసేయండి. ఎవరికైనా ఇచ్చేట్టయితే శనివారం పూట మాత్రం ఇవ్వకండి. పుచ్చుకునేవాళ్లు నువ్వులేవీ అని అడగ్గలరు!