ఇంజిన్ దీపం వెలిగిందా? కోడ్ చూసి విడిభాగం మార్చకండి

సూరత్ నగరంలోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో పాత పెట్రోలు కారు కొని, సీఎన్‌జీ కిట్ బిగించి, అద్దెకు తిప్పుతున్నారనుకుందాం. ఒక రోజు డ్యాష్‌బోర్డుపై పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. మెకానిక్ స్కానర్ పెడితే ‘పీ0171’ అని వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ పోయిందంటూ కొత్తది వేశాడు. వేలల్లో ఖర్చయింది. కొద్ది రోజులకే అదే దీపం మళ్లీ వెలిగింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

ఈ కోడ్లు ఎక్కడివి?

కారులోని కంప్యూటర్ తన సెన్సర్లను, పొగ నియంత్రణ భాగాలను నిరంతరం పరీక్షించుకునే ఏర్పాటును ‘ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్’ (ఓబీడీ) అంటారు. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ ఒకే తరహా ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో ఓబీడీ మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో అమల్లోకి వచ్చాయి. స్టీరింగ్ దగ్గర, డ్యాష్‌బోర్డు అడుగున ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్లు కనిపిస్తాయి.

కోడ్‌లో మొదటి అక్షరం ‘పీ’ అంటే ఇంజిన్, గేర్ల వ్యవస్థ. తర్వాతి ‘0’ అన్ని కంపెనీలకూ వర్తించే కోడ్ అని సూచిస్తుంది. అక్కడ ‘1’ ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్.

లక్షణమే, రోగం కాదు

జ్వరం వచ్చిందని థర్మామీటర్‌ను మార్చం కదా! పీ0171 అర్థం ‘ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ’ అని మాత్రమే. పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టంలో ఆక్సిజన్ ఎక్కువగా మిగిలితే, ఆ సంగతి సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ ఇంధనం పెంచుతుంది. ఈ సవరణను ‘ఫ్యూయల్ ట్రిమ్’ అంటారు. ఎంత పెంచినా సరిపోక సవరణ హద్దు దాటితే కోడ్ నమోదవుతుంది. అంటే చాలాసార్లు సెన్సర్ నిజమే చెబుతోంది!

అసలు కారణం చిట్లిన గాలి గొట్టం కావచ్చు, మూసుకుపోయిన ఇంజెక్టర్ కావచ్చు, బలహీనపడిన పెట్రోలు పంపు కావచ్చు.

ఎలా తేల్చాలి?

కోడ్‌ను చెరిపే ముందు రాసుకోండి. దానితో పాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ చూడమనండి. తప్పు నమోదైన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, లోడు ఎంత ఉన్నాయో అందులో ఉంటుంది. ఆ తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ గమనించాలి. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో, బండి నిలిపి ఉంచినప్పుడు ట్రిమ్ ఎక్కువగా ఉండి, ఇంజిన్ వేగం పెంచితే తగ్గితే, గాలి లీకును అనుమానించాలి. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే ఇంధన సరఫరాను చూడాలి.

సీఎన్‌జీ బండికి మరో సులువైన పరీక్ష ఉంది. పెట్రోలుపై కొంత దూరం, గ్యాస్‌పై కొంత దూరం నడిపి రీడింగులు పోల్చండి. గ్యాస్‌పైనే తేడా వస్తే కిట్ ఫిల్టర్, ప్రెజర్ రెగ్యులేటర్, ట్యూనింగ్ చూపించాలి. అయితే అధిక పీడనంతో ఉండే గ్యాస్ భాగాలను సొంతంగా విప్పవద్దు. అధీకృత కేంద్రానికే వెళ్లండి.

చెరిపేస్తే సరిపోతుందా?

కోడ్ చెరిపితే దీపం ఆరుతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఫ్రీజ్ ఫ్రేమ్ ఆధారమూ పోతుంది. దీపం నిలకడగా వెలిగితే వీలైనంత త్వరగా చూపించుకోవచ్చు. మిణుకుమిణుకుమంటే ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. మండని ఇంధనం ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అప్పుడు వేగం తగ్గించి, సురక్షితమైన చోట బండి ఆపాలి.

ఈసారి మెకానిక్ “ఈ భాగం మార్చాలి” అంటే, “ఏ పరీక్షలో తేలింది?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ డబ్బు ఆదా చేయవచ్చు.