వినబడేంత దూరంలో

2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో నిరసనలకు అనుమతులు ఆపేసింది. ట్రాఫిక్ ఆగిపోతోందని, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మైకుల మోత భరించలేకపోతున్నారని కారణం చెప్పింది. ధర్నా చేసుకోండి, శివార్లకు వెళ్లి చేసుకోండి అంది. పైకి చూస్తే హక్కు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. కానీ నిరసనకు చోటే ప్రాణం. జీతం పెంచమనే అంగన్‌వాడీ టీచరుకు, క్రమబద్ధీకరించమనే కాంట్రాక్టు లెక్చరర్‌కు మంత్రి దర్శనం దొరికే పలుకుబడి ఉండదు. దారినపోయే జనం వాళ్లను చూడాలి, విలేకరులు రావాలి, సచివాలయం నుంచి ఎవరో ఒకరు దిగివచ్చి వినతిపత్రం అందుకోవాలి. ఊరవతల మైదానంలో గొంతు చించుకున్నా ఇవేవీ జరగవు. 2021 నవంబరులో ధాన్యం కొనుగోళ్లపై కేంద్రాన్ని నిలదీయడానికి ముఖ్యమంత్రి కేసీఆర్ తన మంత్రులతో సహా కూర్చున్నది ఆ ఇందిరా పార్కు దగ్గరే. చేతిలో ప్రభుత్వం ఉన్నవారికే అంత అవసరమైన చోటు, ఏమీ లేనివారికి ఇంకెంత అవసరం!

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. శాంతిభద్రతల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చనీ చెప్పింది. ఆ ఆంక్షలు ఎంతవరకు అన్నదే తగువంతా. వీధుల్లో సభలను పోలీసులు క్రమబద్ధం చేయవచ్చు గానీ, మొత్తంగా కాదనే అధికారం వారి చేతిలో పెట్టకూడదని హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది. జంతర్ మంతర్ దగ్గర ధర్నాలపై హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018లో ఎత్తేసింది. ధర్నా చౌక్ కూడా ఆ ఏడాది నవంబరులో హైకోర్టు ఉత్తర్వులతోనే తెరుచుకుంది.

అంబులెన్సు ఇరుక్కుపోతే ఎవరిది బాధ్యత అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు రహదారిని నిరవధికంగా ఆక్రమించడం కుదరదని 2020లో చెప్పింది కూడా అందుకే. ప్రాణాలు పోయిన సందర్భమూ మన కళ్లముందు ఉంది. 2022 డిసెంబరులో కందుకూరు రోడ్ షో తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. కానీ ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో నంబరు 1, దాదాపు అన్ని రోడ్ల మీదా సభలు, ర్యాలీలకు అడ్డుపడింది. 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇరుకు సందులోకి వేలమందిని రానివ్వకపోవడం, అంబులెన్సుకు దారి వదిలించడం, బందోబస్తు పెంచడం పోలీసుల పని. ఆ పని కష్టమని సభలనే ఆపేస్తే, నిర్వాహకులూ పోలీసులూ చేయాల్సింది చేయనందుకు శిక్ష మాట్లాడదలచిన పౌరుడికి పడుతుంది.

ఐదేళ్లకోసారి ఓటుంది కదా అనేది మరో వాదన. ఈ నెల జీతం రాని పారిశుద్ధ్య కార్మికుడిని ఎన్నికల దాకా ఆగమనడం అన్యాయం. అతని గోడు ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ లేకపోవచ్చు కూడా. కాబట్టి రెండు రాష్ట్రాల పోలీసు శాఖలూ కొన్ని నిబంధనలు రాసుకుని, వాటికి కట్టుబడాలి. ప్రతి జిల్లా కేంద్రంలో కలెక్టరేటుకు నడిచివెళ్లేంత దూరంలో ఒక చోటు కేటాయించాలి. అనుమతి కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అదీ ముందురోజు రాత్రి కాకుండా, కోర్టుకు వెళ్లే వ్యవధి ఉండగానే ఇవ్వాలి.