యుద్ధకాలపు చేతి గడియారములు – వాని వెనుక మూతలపై గల చరిత్ర

చేతి గడియారము సామాన్యులకు అలంకారము కావచ్చును గాని, సైనికునకు అది తుపాకితో సమానమైన పనిముట్టు. ఫిరంగులు నిర్ణీతమైన నిమిషమున ప్రేలుట మొదలిడి, నిర్ణీతమైన నిమిషమున ఆగవలెను. కాల్బలము ఆ క్షణముననే ముందునకు సాగవలెను. ఇందు ఒక్క నిమిషము తేడా వచ్చినను స్వపక్షపు గుండ్లే స్వపక్షము మీద పడును. 1914-18 నాటి మొదటి ప్రపంచ యుద్ధమున, కందకములలో నిలిచిన సైనికులకు జేబులోని గడియారము తీసి చూచుకొను తీరిక లేకపోయెను. చేతి గడియారము సైన్యములందు వ్యాపించుటకు ఇదియే ముఖ్య కారణము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఒక దేశపు కర్మాగారములు చేసిన గడియారములు మరియొక దేశపు సైనికుల చేతుల కెక్కినవి. వానిని సేకరించు అభిరుచి నేడు ప్రపంచమున పలుచోట్ల గలదు. కొడల మొదలుకొని బరంపురము వరకు గల తెలుగు కుటుంబములకు ఇది దూరపు విషయము కాదు. గంజాం ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమున చేరువరకు మద్రాసు రాజధానిలోనిదే. గోపాలపురము రేవు నుండి ఓడలెక్కి బర్మాకు బ్రతుకుతెరువునకై పోయినవా రనేకులు. 1942 మార్చిలో రంగూను జపానువారి వశము కాగా, బర్మాలోని భారతీయులలో పలువురు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశము చేరిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడెను. యుద్ధము ముగియునాటికి భారత సైన్యమున సుమారు 25 లక్షలమంది యుండిరి. కావున ఈ ప్రాంతపు ఇంట నొకదాని పాత ట్రంకుపెట్టెలో నాటి సైనిక గడియార మొకటి కనబడినచో ఆశ్చర్యము లేదు. అట్టిదానిని గుర్తించు టెట్లు, కాపాడు టెట్లు అనునవి తెలియవలసిన విషయములు.

మొదట చూడవలసినది వెనుక మూత. మూడు గీతలు ఒక కొనయందు కలిసిన బాణపు గుర్తు బ్రిటిషు ప్రభుత్వపు సొత్తునకు చిహ్నము. దాని క్రింద ‘ఏ.టి.పి.’ అని యున్నచో అది యుద్ధకాలమున సైన్యమునకై స్విట్జర్లాండు నుండి తెప్పించిన సాధారణ గడియారము. ‘డబ్ల్యు.’ అను అక్షరము మూడుసార్లున్నచో, అది సైన్యము తానే లక్షణములు నిర్ణయించి చేయించిన ‘నీరు చొరని చేతి గడియారము’. బ్రిటనులోని కర్మాగారములు యుద్ధపు పనులలో మునిగియుండుటచే, తటస్థ దేశమైన స్విట్జర్లాండులోని తయారీదారుల నాశ్రయింపవలసి వచ్చెను. నల్లని డయలు, చీకటిలో వెలుగు అంకెలు, ఆరు అంకె స్థానమున సెకండ్ల చిన్న ముల్లు, పగులని అద్దము, పదునైదు రాళ్లు గల యంత్రము దీని లక్షణములు. బ్యూరెన్, సైమా, ఎటర్నా, గ్రానా, ఐ.డబ్ల్యు.సి., జేజర్-లెకూల్త్ర్, లెమానియా, లాంజీన్, ఒమేగా, రికార్డ్, టిమోర్, వర్టెక్స్ అను పండ్రెండు పేర్లతో ఇవి వచ్చినవి. వీనిలో గ్రానా మిక్కిలి అరుదు.

అమెరికా పద్ధతి వేరు. 1941 మార్చి 11న అమలులోనికి వచ్చిన ‘లెండ్-లీజ్’ చట్టముచే ఆ దేశము మిత్రరాజ్యములకు విమానముల నుండి ఆహారము వరకు సరఫరా చేసెను. అమెరికా వైమానికులకై ‘ఏ-11’ అను గడియారమును ఎల్జిన్, వాల్థమ్, బులోవా సంస్థలు తయారుచేసినవి. కీ బయటికి లాగినచో దీని సెకండ్ల ముల్లు ఆగిపోవును. పలువురు తమ గడియారములను ఒకే క్షణమునకు కలుపుకొనుటకు ఈ ఏర్పాటు. బ్రిటిషు వైమానిక దళమున కందినవానిపై బాణపు గుర్తును, ‘6బి/234’ అను సంఖ్యయు కానవచ్చును.

యుద్ధము ముగిసినంతనే వీని సేవ ముగియలేదు. బ్రిటిషు వారి నీరు చొరని గడియారములు కొన్ని డచ్చి సైన్యమునకు చేరి, ఆపై ఇండోనేషియా సైన్యమునకు సంక్రమించెను. అట్టివానిపై ‘ఏ.డి.ఆర్.ఐ.’ అను ముద్ర యుండును. ఒక్క మూతపైని రెండు మూడు ముద్రలు సామ్రాజ్యముల అస్తమయమును, స్వతంత్ర దేశముల ఉదయమును తెలుపుచున్నవి.

ఈ గుర్తులు కుటుంబములలోని కథలను పరీక్షించుటకు కూడ సాధనములు. మూడు డబ్ల్యుల గడియారములు చాలవరకు 1945లోనే సైన్యమున కందినవి. కొహిమా యుద్ధము 1944 ఏప్రిల్ నుండి జూన్ వరకు జరిగినది. కావున అట్టి గడియారమును కొహిమాలో తాత ధరించెనని చెప్పుకొనుట పొసగదు. అంతమాత్రమున తాత కొహిమాలో లేడని కాదు. ఆ గడియారము తరువాత లభించిన దని మాత్రమే గ్రహింపవలెను. వస్తువు మనుష్యుని జ్ఞాపకమును సరిదిద్దును; జ్ఞాపకము వస్తువునకు పేరు నిచ్చును. ఈ రెండును కలిసియున్నప్పుడే చరిత్ర.

వీనికి గల ముప్పు ముఖ్యముగా మెరుగు పెట్టుటవలన కలుగును. పాత గడియారమును బాగుచేయించుటకు పోయినవారు మూతను నునుపు చేయింతురు, డయలునకు కొత్త రంగు వేయింతురు. అది చూపులకు కొత్తదగును గాని, అక్షరములు అరిగిపోవును, సాక్ష్యము నశించును. వేర్వేరు గడియారముల భాగములు కూర్చి, కొత్త డయలుతో సైనిక గడియారమని అమ్మువారును కలరు. డయలుపైని ముద్ర మితిమీరి కొత్తగాను, మూత మిక్కిలి పాతగాను ఉన్నచో కొనువారు జాగ్రత్త వహింపవలెను.

మరియొక జాగ్రత్త ఆరోగ్యమునకు సంబంధించినది. నాటి అంకెలపై పూసినది రేడియం. దానితో కలిపిన రసాయనము చెడి వెలుగు పోయినను, రేడియం పోదు. దాని బలము సగమగుటకు సుమారు 1600 సంవత్సరములు పట్టును. కావున వెలుగని గడియారము హాని లేనిదని తలంపరాదు. ఇంట మూత తెరచి డయలును గీకరాదు, ఆ పొడిని పీల్చరాదు, పిల్లల కాటవస్తువుగా నీయరాదు. గాలి వచ్చు స్థలమున, పడకకు దూరముగా ఉంచుట మేలు. తరువాతి కాలమున డయలు మార్చినవానిపై వలయములో ‘టి’ అను అక్షర ముండును. అది రేడియంకు బదులు ట్రిటియం వాడినారనుటకు గుర్తు.

సేకరణ యనగా ధనవంతుల వేడుక మాత్రమే కాదు. గడియారము నడవకున్నను నష్టము లేదు. దాని ముందు వెనుకల ఛాయాచిత్రములు, మూతపైని ప్రతి అక్షరము, ప్రతి అంకె, ధరించినవాని పేరు, దళము, సైన్యమున చేరిన, విడిచిన సంవత్సరములు, అది ఇంటికి వచ్చిన విధము ఒక కాగితముపై వ్రాసి దానితోనే భద్రపరచిన చాలును. సైనికుని విడుదల పత్రమున్నచో దానిని కూడ చేర్చవలెను. ఆ యుద్ధమును కన్నులార చూచినవారు మిక్కిలి కొలదిమంది మిగిలియున్నారు. వారి బిడ్డలును వృద్ధులైరి. గడియారము మరి నూరేండ్లు నిలువవచ్చును గాని, అది ఎవ్వరిదో చెప్పగల నోరు అంతకాలము నిలువదు. అందువలన మూత తుడుచుటకు ముందు, ఇంటి పెద్దలను అడిగి వ్రాసికొనుట మొదటి కర్తవ్యము.